నాలుగు అంగుళాల నీళ్ళు

వెర్నన్ కోర్బైన్ పడవ అంచు మీదికి వంగి, సరస్సులో పాతిన కొలబద్ద మీది నాచును బొటనవేలితో తుడిచాడు. నిన్నటికంటే నాలుగు అంగుళాలు ఎక్కువ.

"మళ్ళీ గేటు మూసి నీళ్ళు ఎత్తేశారు, ఆనకట్ట దరిద్రులు."

జూన్ రెండోవారం. సరస్సులో దానంతటదే మొలిచే అడవివరి ఆకులు నీటి మీద పొడుగ్గా వాలి ఉండే రోజులు. వేళ్ళకింకా పట్టు చిక్కదు. నీళ్ళు లేస్తే మొక్క మట్టినొదిలి తేలిపోతుంది. అప్పుడే ఓ పాతిక మొక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

ఆయనకు అరవై నాలుగేళ్ళు. లావుపాటి మనిషి, ఎడమ మోకాలు వంగదు. అమెరికాలోని ఒజిబ్వే ఆదివాసీ తెగ సహజవనరుల ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని: ఐదు సరస్సుల్లో నీటిమట్టం కొలవడం, పెరిగితే ఆనకట్ట ఆఫీసుకు ఫోన్ చేయడం, వినకపోతే మళ్ళీ చేయడం. సెప్టెంబరులో పడవల నిండా వరి దులుపుకుపోయే వాళ్ళెవరికీ ఆయన గుర్తుకు రాడు.

ఒడ్డుకొచ్చి ట్రక్కులో కూర్చుని ఆనకట్ట ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"మా మీటరు సరిగ్గానే ఉంది సార్," అందొక ఆడగొంతు.

"మీ మీటరు ఆనకట్ట దగ్గరుందమ్మా. వరి ఇక్కడుంది."

"ఫారం పంపండి. పది పనిదినాల్లో చూస్తాం."

"పదిరోజులకి చూడ్డానికేం మిగుల్తుంది? మా ముత్తాతలు ఒప్పందంలో ప్రభుత్వానికి నేల రాసిచ్చారు, వరి దులుపుకునే హక్కు అట్టేపెట్టుకున్నారు. వరే లేకపోతే ఆ హక్కునేం చేసుకోను తల్లీ, నాక్కోనా?"

"ఒడ్డున ఇళ్ళవాళ్ళు మోటారు పడవలకి నీళ్ళు చాలట్లేదంటున్నారు సార్."

"మేమూ ఒడ్డునే ఉన్నాం కదమ్మా! వాళ్ళకంటే ముందునుంచీ!"

ఏడోసారికి పై అధికారి దొరికాడు. మనిషిని పంపిస్తానన్నాడు.

వెర్నన్ తన ఆఫీసులోనే పనిచేసే మేనకోడలు లూఆన్‌కి ఫోన్ చేశాడు. "పంపుతాట్ట. నాకైతే నమ్మకం లేదు. నువ్వా దిక్కుమాలిన ఫారం కూడా కొట్టి తీసుకురా, సంతకం పెడతా."

"తెస్తాలే మామయ్యా. గొంతేంటి అలా ఉంది?"

"పొద్దుట్నుంచీ అరిస్తే ఎలా ఉంటుంది?"

మధ్యాహ్నం మూడింటికి ఆమె ఫారం తీసుకుని వచ్చేసరికి ఆయన ట్రక్కు సీటుకు తల ఆనించి ఉన్నాడు. పిలిచింది. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

గుండె, అన్నారు డాక్టర్లు.

ఆనకట్ట గేటు తెరిచారో, ఎగువన వానలే తగ్గాయో ఎవరూ చెప్పలేదు. అంత్యక్రియల మర్నాడు లూఆన్ తెగ ఆచారం ప్రకారం చిటికెడు పొగాకు నీళ్ళలో వదిలి, పడవేసుకుని వెళ్ళి తనే కొలిచింది. నాలుగు అంగుళాలూ దిగాయి. సగానికి పైగా వరి మట్టిని పట్టుకునే ఉంది. ఆనకట్ట ఆఫీసుకు ఫోన్ చేసి అంకె చెప్పింది. అవతలివాళ్ళు ఫారం పంపమన్నారు.

ఒడ్డుకొచ్చి చూస్తే, పడవలు దింపేచోట రెండు కర్రలకు ఆ రోజు మామయ్య బోర్లించిన రబ్బరు బూట్లు ఎండలో అలాగే ఆరుతున్నాయి.