ఉప్పుమళ్లలో వంగపండు చీర

పెళ్లయి రెండు నెలలు దాటినా విజయభాస్కర్ పెళ్లాం ఫోటో ఒక్కటీ తీయలేదు. మొగుడు ఫోటోగ్రాఫరు కదా, నీకేమే రోజుకో ఫోటో అని కాలేజీ స్నేహితురాళ్లు పెంచలమ్మను చూసి కుళ్లుకున్నారు. తీరా అల్లూరు కాపురానికొస్తే ఇంటి గోడల నిండా వరిచేలు, కాలవగట్లు, తాటితోపులు, మబ్బులు. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. మనుషులైతే స్టూడియోకి వస్తారట, చేలు రాలేవట, అందుకే తనే వాటి దగ్గరికి పోతాడట. ఆ మాట ఆమెకూ నచ్చింది. కానీ అన్ని మబ్బుల మధ్య తన మొహం ఒక్కటుంటే ఏం పోయిందని లోపల ఒకటే పీకులాట. అడగాలంటే అభిమానం.

అరవై ఒకటి వేసవిలో ఓ తెల్లవారుజామున అతనే అన్నాడు. "ఉప్పుమళ్ల దగ్గరికి పోతున్నా, నువ్వూ రా. ఆ వంగపండు రంగు వెంకటగిరి చీర కట్టుకో."

ఇంకేం కావాలి. కాటుక, కనకాంబరాలు, రెండుసార్లు పౌడరు. సైకిలు వెనక కూర్చుని, నవ్వు ఆగక దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుంది.

కనుచూపు మేర ఉప్పుమళ్లు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. అతను మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా బిగించి, నల్లగుడ్డ కింద తల దూర్చాడు. ఆమె పైట సర్దుకుని ఎదురుగా నిలబడింది. కొంచెం వెనక్కి, అన్నాడు. జరిగింది. ఇంకా, అన్నాడు. గట్టు వెంట నడిచింది. అతని కేక వినపడనంత దూరం పోయినా చెయ్యి మాత్రం ఇంకా పొమ్మని ఊపుతూనే ఉంది.

అక్కడ ఉప్పు కుప్పపోస్తున్న గంగులయ్య, జరీచీరలో ఒంటరిగా వస్తున్న ఆమెను చూసి పని ఆపేశాడు.

"ఏందమ్మా, పెళ్లికి పోతా దారి తప్పినావా?"

"లేదు తాతా, ఫోటో తీయించుకుంటున్నా."

గంగులయ్య చుట్టూ కలయజూశాడు. "ఎవురు తీస్తా ఉండేది?"

చూపించబోతే మొగుడు అగ్గిపుల్లంత కనిపించాడు. ఇక నవ్వు ఆగలేదామెకు. నడుమ్మీద చెయ్యేసుకుని వంగి మరీ నవ్వింది. సరిగ్గా అప్పుడే అతను ఫోటో తీసేశాడు.

ప్రింటు ఇంటికొచ్చింది. తెల్లటి మళ్లు, బోలెడంత ఆకాశం, నడుమ ఒక నల్లచుక్క. మనిషి లేకపోతే ఆ చోటు ఎంత పెద్దదో తెలియదని, లేతరంగు చీరైతే ఉప్పులో కలిసిపోయేదని విజయభాస్కర్ సంబరంగా చెప్పుకుపోతున్నాడు. చీర సంగతి ఇదన్నమాట. పెంచలమ్మ మొహం చిన్నబోయింది.

అత్తగారు ఆదిశేషమ్మ కళ్లజోడు సర్దుకుని ఫోటో అందుకుని, ఆ చుక్కను కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. "నడుమ్మీద చెయ్యేసుకుని అట్టా నవ్వేది మా కోడలు కాక ఇంకెవురు? ఈ పిల్లను కాస్త దగ్గరగా తీస్తే నీ సొమ్మేం పోయిందిరా అబ్బయా?"

విజయభాస్కర్ తల గోక్కున్నాడు. "దగ్గరగా ఉంటే నాకింకేం కనపడదమ్మా. ఉప్పుమళ్లూ కనపడవు, ఆకాశమూ కనపడదు."

ఏమన్నాడో అన్నాక గానీ తెలియలేదతనికి. చెవులదాకా ఎర్రబడి కెమెరా తుడవడం మొదలుపెట్టాడు. పెంచలమ్మ వంటింట్లోకి పారిపోయింది.

మర్నాడు ఫోటోకు చట్రం కట్టించి, మబ్బుల మధ్య తనే మేకు కొట్టి తగిలించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లనూ గోడ దగ్గరికి లాక్కుపోయి, నేనెక్కడున్నానో కనుక్కోండి చూద్దాం అనేది.