రెండు కేకుల పిండి

వంటింటి బల్ల మీద గిన్నె ఖాళీగా ఉంది. దాని మీద కప్పిన తువాలు నేల మీద పడి ఉంది. వెర్నా పికూ గుమ్మంలో నిలబడి ముందు గిన్నెను చూసింది, తర్వాత తువాలును చూసింది.

కార్నివాల్ రోజుల్లో ఆ ఊళ్లో చేసుకునే కింగ్ కేకులు రెండింటికి కలిపిన పిండి అది. పొద్దున్నే పాలు, వెన్న, గుడ్లు, ఈస్టు వేసి పిసికి, కిటికీ పక్కన ఎండ తగిలేచోట పొంగడానికి పెట్టింది. కార్నివాల్ చివరి శనివారం ఆమె ఇంటి తలుపు తెరిచే ఉంటుంది. ఊరేగింపు చూడటానికి వచ్చినవాళ్లు ఎవరైనా లోపలికి వచ్చి బాత్రూమ్ వాడుకోవచ్చు, బీన్సూ అన్నం తిని పోవచ్చు. ఆమె తల్లి కాలం నుంచీ అంతే. ఆ వచ్చినవాళ్లలో ఎవరో పోతూ పోతూ వంటింటి తలుపు వేయలేదు.

"డీకన్!" అని పిలిచింది.

కుక్క వెనక గదిలోంచి వచ్చాడు. రెండడుగులు వేసి పక్కకు తూలాడు. గోడకు ఆనుకుని నిలబడి ఆమె వైపు చూశాడు. మూతికి పిండి అంటుకుని ఉంది. పక్కటెముకల వెనక కడుపు రెండు వైపులా ఉబ్బి ఉంది.

కూర్చున్నప్పుడు చర్చిలో డీకన్ అనే ముందు వరస పెద్దమనిషిలా తల దించుకుని కూర్చుంటాడని వెర్నా భర్త వాడికి ఆ పేరు పెట్టాడు. భర్త పోయాక ఆమె తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంది. కుక్క ఊరుకోలేదు. పొద్దున, సాయంత్రం తలుపు గీకేవాడు. వాడికోసం చెప్పులు వేసుకుంది, వాడికోసం వీధిలోకి వచ్చింది. సెయింట్ చార్లెస్ అవెన్యూ మీద ట్రామ్ నడిపేవాళ్లు వాడిని చూస్తే గంట కొడతారు. మూల మీద కొట్టతను రొయ్యల తోకలు కాగితంలో కట్టి ఉంచుతాడు. ఆ పేటలో సగం మందికి వెర్నా పేరు తెలియదు. 'డీకన్ వాళ్లమ్మ' అంటారు. ఆ పిలుపు వినడానికే ఆమె ఇప్పుడు బయటికి వెళ్తుంది.

పట్టీ తగిలించి వాడిని ముందు వసారాలోకి తీసుకొచ్చింది. అదే ఇంటి రెండో వాటాలో ఉండే ముసలి గ్లాపియన్ మోకాళ్ల మీద దుప్పటి వేసుకుని, చేతిలో బీరుతో కూర్చుని ఉన్నాడు.

"ఓహో! మిస్ వెర్నా, మీవాడు నాకంటే ముందే మొదలెట్టాడే!"

"పిండి తిన్నాడు. పచ్చి పిండి. మొత్తం తినేశాడు."

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. "డాక్టర్‌కి ఫోన్ చెయ్. నాకేసి చూస్తావేంటి, చెయ్యి!"

శనివారాలు కూడా తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి అవెన్యూకి అవతల ఉంది. డాక్టర్ ఆర్సెనో తనే ఫోన్ ఎత్తింది.

"ఎంత తిన్నాడు?"

"రెండు కేకుల పిండి."

"కాల్చిందా?"

"పచ్చిది. పొంగుతూ ఉంది."

"ఇంకా పొంగుతూనే ఉంటుందమ్మా, వాడి కడుపులో. మీ వంటింటి కంటే అక్కడ వెచ్చగా ఉంటుంది. లోపల సారా కూడా తయారవుతుంది, అందుకే తూలుతున్నాడు. వాంతి చేయించకండి. ఐసు ముక్కలు నాకించండి, చల్లదనానికి పొంగు కాస్త ఆగుతుంది. కడుపు మెలిపడిందంటే ఇక నేనేం చేయలేను. వెంటనే తీసుకురండి."

"నేను పెట్టెలో ఉన్నాను."

ఊరేగింపు దారులు మూడు వైపులా, నది నాలుగో వైపు ఉన్న వీధులను అక్కడివాళ్లు పెట్టె అంటారు. ట్రాక్టర్ లాగే మొదటి అలంకరణ బండి కదిలిందంటే చివరి బండి పోయేదాకా అందులోంచి కారు బయటికి రాదు. ముందుచూపు ఉన్నవాళ్లు కారును ముందురోజే అవతల పెట్టి వస్తారు. ఎక్కడికీ వెళ్లే పని లేదని వెర్నా తన కారును ఇంటి ముందే ఉంచింది. ఆ రోజు ఒకదాని వెనక ఒకటి నాలుగు ఊరేగింపులు. అప్పటికి రెండోది నడుస్తోంది.

"అయితే నడిపించుకుని రండి," అంది డాక్టర్. "ఎలాగో ఒకలాగ దాటండి."

అవెన్యూ రెండు వీధుల దూరం. డీకన్ నాలుగడుగులు నడిచి ఆగుతున్నాడు. నోట్లోంచి చొంగ కారుతోంది. వాంతి చేసుకోవడానికి మెడ చాచి, ఏమీ రాక మళ్లీ నడుస్తున్నాడు. కాలిబాట నిండా కుర్చీలు, పిల్లలు ఎక్కి కూర్చుని చూసే నిచ్చెనలు, పొయ్యిలు. జనం అడ్డం తప్పుకుంటూ నవ్వుతున్నారు.

"ఏం ఆంటీ, కుక్కక్కూడా పోశారా?" ఊదారంగు విగ్గు పెట్టుకున్న కుర్రాడు అడిగాడు.

"పోసింది నువ్వే అయ్యుంటావ్‌రా," అని పక్కవాడు.

"చూడండి చూడండి, నాకంటే తిన్నగా నడుస్తున్నాడు!"

మూల మీద కొట్టతను మెట్ల మీంచి కేకేశాడు. "డీకన్ వాళ్లమ్మా! వాడిని ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టు తల్లీ. పొద్దుటికి దిగిపోతుంది."

"తాగలేదు!" అని వెర్నా అరిచింది. "వాడు తాగలేదు, చచ్చిపోతున్నాడు!"

అదే సమయానికి అవెన్యూ మీద డ్రమ్ములు మోగాయి. కొట్టతను చెవి దగ్గర చెయ్యి పెట్టి, నవ్వుతూ చెయ్యి ఊపాడు.

అవెన్యూ చేరబోతుండగా డీకన్ వెనక కాళ్లు వంగిపోయాయి. నేల మీద పక్కకు ఒరిగాడు. ఆమె వాడి చంకల కింద చేతులు వేసి లేపబోయింది. ఎనభై పౌండ్ల కుక్క. ముందు భాగం లేస్తే వెనక భాగం లేవలేదు. కడుపు మీద చెయ్యి పెట్టింది. చెయ్యి లోపలికి దిగలేదు.

పక్కనే ఒక కుటుంబం గుడారం వేసుకుని ఉంది. నాలుగు చక్రాల తోపుడు బండి మీద ఐసు డబ్బా పెట్టుకున్నారు. కుర్చీలో కూర్చున్న ముసలావిడ ఇదంతా చూసింది.

"ఏమైందే దానికి?"

"కింగ్ కేకు పిండి తిన్నాడమ్మా. పొంగుతున్న పిండి. డాక్టర్ అవతల ఉంది."

ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. "ఆ డబ్బా దించరా."

"డబ్బా దించితే బీరు ఎక్కడ పెట్టనే?"

"నీ నెత్తిన పెట్టుకో. దించమన్నానా!"

కొడుకు డబ్బా దించాడు. అతనూ వెర్నా కలిసి డీకన్‌ను బండి మీద పడుకోబెట్టారు. తల ఒక అంచు మీంచి, తోక ఇంకో అంచు మీంచి వేలాడాయి. ముసలావిడ దోసెడు ఐసు ముక్కలు ప్లాస్టిక్ గ్లాసులో పోసి ఇచ్చింది. వెర్నా ఒక ముక్క తీసి వాడి పెదాల మధ్య పెట్టింది. వాడు నాకలేదు. ఐసు నోట్లోనే కరిగి బయటికి కారింది.

మూల దగ్గర ఇనుప కంచె ఉంది. దాని వెనక ఒక పోలీసు.

"నన్ను దాటనివ్వు బాబూ. కుక్క చచ్చిపోతోంది."

"బండ్లు కదులుతుంటే ఎవరినీ దాటనివ్వకూడదమ్మా. ట్రాక్టర్ నడిపేవాడికి కింద ఏముందో కనపడదు. ఖాళీ దొరికినప్పుడు నేనే పంపిస్తా."

"ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది?"

అతను దారి పైకి చూశాడు. బండి వెనక బ్యాండు, బ్యాండు వెనక బండి, చివర కనిపించనంత దూరం. "చూద్దాం," అన్నాడు. తర్వాత కుక్కను చూశాడు. "ఇది గానీ బీరు తాగలేదు కదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని ఆమెకు తెలుసు. ఏడిస్తే ఇతను తననూ తాగినదాని కింద జమ కడతాడు.

ఒక బండి పోయింది. పైనుంచి ముసుగులు వేసుకున్నవాళ్లు విసిరిన పూసల దండలు డీకన్ మీద పడ్డాయి. ఆమె వాటిని తీసి కింద పారేసింది. బండి వెనక ఒక స్కూలు బ్యాండు వచ్చింది. ఆ బ్యాండు బండిని ఆనుకునే నడుస్తోంది, మధ్యలో సందు లేదు. ఇది పోతే దాటుదాం అనుకుంది.

బ్యాండుకు అడ్డం వెళ్లకూడదు. ఆ ఊళ్లో అది పిల్లలకు నడక వచ్చినప్పుడే నేర్పుతారు. కూతురు క్లారినెట్ వాయించిన రోజుల్లో వెర్నా కూడా బ్యాండు పక్కన తాడు పట్టుకుని మైళ్లకు మైళ్లు నడిచింది. తాడు దాటబోయినవాళ్లను మోచేత్తో వెనక్కి నెట్టింది. ఆ పిల్లలు ఏడాది పొడవునా ఎండలో నేర్చుకున్న వరసలు అవి. తాగి అడ్డం పరిగెత్తేవాడు ఒక్కడు చాలు, వెనకాల ఉన్నవాళ్ల మూతులకు ఇత్తడి బూరలు తగిలి పళ్లు ఊడతాయి.

బ్యాండు పోయింది. దాని వెనక బండి. బండి వెనక ఇంకో బ్యాండు. అదీ పోయింది.

డీకన్ కళ్లు సగం మూతపడ్డాయి. ఆమె వంగి చెవిలో పిలిచింది. చెవి కదలలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి తగిలింది, బీరు కొట్టు వాసనతో. మళ్లీ తగలడానికి చాలాసేపు పట్టింది.

వెర్నా కంచె పక్క సందులోకి బండి తోసింది.

"అమ్మా! ఏయ్, అమ్మా!" పోలీసు అరుస్తున్నాడు.

తారు మీదికి వచ్చింది. ముందు మూడో బ్యాండు పక్కన పసుపుపచ్చ చొక్కా వేసుకున్న ఒక ఆడమనిషి తాడు పట్టుకుని నడుస్తోంది. వెర్నాను చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"వెనక్కి! వెనక్కి పో! బ్యాండుకి అడ్డం రాకూడదని నీకు మీ అమ్మ నేర్పలేదా?"

"నేర్పింది. నేనూ తాడు పట్టినదాన్నే."

"అయితే సిగ్గుండాలి! తాగిన కుక్కని ఊరేగించడానికి నా పిల్లలే దొరికారా నీకు?"

"పిండి తిన్నాడక్కా," అంది వెర్నా. ఇప్పుడు ఏడుపు ఆగలేదు. "రెండు కేకుల పిండి. పొంగడానికి పెట్టింది. ఇంకా పొంగుతోంది. నేను రెండు బ్యాండ్లు పోనిచ్చాను. మూడోది పోనిస్తే వాడు ఉండడు."

ఆ మనిషి నడుస్తూనే వంగి డీకన్ కడుపు మీద అరచెయ్యి పెట్టింది. ఆమె మొహం మారింది.

"ఎంత పిండి? ఎన్ని కప్పులు?"

"పదహారు."

"దేవుడా. ఈస్టు బాగా వేశావా?"

"బాగా వేశాను."

ఆ మనిషి తాడును తల పైకి ఎత్తింది. ముందు జెండాల అమ్మాయిలు, వెనక ట్రాంబోన్ బూరలు వాయించే పిల్లలు. మధ్యలో మనిషి పట్టేంత ఎడం. ఆమె ట్రాంబోన్ల వైపు తిరిగి గొంతు చించుకుంది. "ఉన్నచోటే అడుగు వెయ్యండి! ఉన్నచోటే! డారెల్, నా మాట వినపడటం లేదా? ఆగరా!"

ముందు వరస ఆగింది. దాని వెనక వరస తడబడి ఆగింది. వాయించడం మానలేదు. జెండాలు ముందుకు వెళ్లిపోతూ ఉంటే మధ్యలో ఎడం పెరిగింది. ఆ మనిషి బండి ముందు కొస పట్టుకుంది, వెర్నా వెనక నుంచి తోసింది. ట్రాంబోన్ల గొట్టాలు ఆమె తల పక్కనే ముందుకీ వెనక్కీ జరుగుతున్నాయి. ఒక పిల్లాడు వాయిస్తూనే కళ్లతో కుక్కను చూశాడు.

అవతల, అవెన్యూ మధ్య గట్టు మీద ఆ మనిషి బండి వదిలేసింది.

"నేను దాటనిచ్చానని ఎవరికైనా చెప్పావంటే ఊరుకోను," అంది. "పో, పరిగెత్తు."

ట్రామ్ పట్టాల మీద కూడా జనమే. వెర్నా "పిండి తిన్నాడు, పిండి తిన్నాడు" అని అరుస్తూ బండి తోసింది. ఏం చెప్తే ఈ ఊరికి అర్థమవుతుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆడవాళ్లు కుర్చీలు లాగారు. ఒకతను నిచ్చెనను పిల్లతో సహా పక్కకు జరిపాడు. చక్రం పట్టాల్లో ఇరుక్కుంటే ఇద్దరు మగవాళ్లు బండిని కుక్కతో సహా ఎత్తి అవతల పెట్టారు.

ఆస్పత్రి తలుపు దగ్గర డాక్టర్ ఆర్సెనో నిలబడి ఉంది. కుక్కను లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూశారు.

వెర్నా బల్ల మీద కూర్చుంది. తన కాలికి ఒక చెప్పే ఉందని చూసుకుంది. లోపల నీళ్లు పోస్తున్న చప్పుడు, మళ్లీ నీళ్లు, మళ్లీ నీళ్లు. బయట ఇంకో ఊరేగింపు మొదలైంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి కాఫీ తెచ్చింది. వెర్నా చేతిలోనే అది చల్లారింది.

రెండు బ్యాండ్లు పోనిచ్చాను అనుకుంది. మొదటిదాన్ని పోనివ్వకుండా ఉండాల్సింది.

డాక్టర్ బయటికి వచ్చేసరికి ఆమె చొక్కా ముందు భాగమంతా తడిసి ఉంది.

"పిండి చాలావరకు తీశాం. చల్లటి నీళ్లు పోసి, గొట్టంతో కొంచెం కొంచెం. కడుపు మెలిపడలేదు. ఇంకాస్త ఆలస్యమైతే మెలిపడేదే."

"బతుకుతాడా?"

"ఒంట్లో సారా చాలా ఉంది. ఊపిరి నెమ్మదిగా ఉంది. అది దిగేదాకా చూడాలి. బతుకుతాడనే అనుకుంటున్నా."

"అనుకోవడం కాదు తల్లీ. నాకు వాడు తప్ప..."

"రండి," అంది డాక్టర్. "మీరు దగ్గరుంటేనే మంచిది. ఊపిరి ఆగినట్టనిపిస్తే భుజం పట్టి కుదపండి, నన్ను కేకేయండి."

డీకన్ నేల మీద పరుపు మీద పడుకుని ఉన్నాడు. ముందు కాలికి సూది, గొట్టం. కడుపు తగ్గింది, చర్మం వదులుగా జారి ఉంది. వెర్నా పక్కనే నేల మీద కూర్చుని పక్కటెముకల మీద చెయ్యి వేసింది.

ఎముకలు లేచాయి, దిగాయి. తర్వాత ఏమీ లేదు. ఆమె చెయ్యి తీయకుండా ఎదురు చూసింది. గోడకు అవతల డ్రమ్ములు మోగుతున్నాయి. ఆమె భుజం పట్టుకుంది. కుదపబోయింది.

డీకన్ ఊపిరి పీల్చాడు. కన్ను తెరిచాడు. ఆమె ఎవరో పోల్చుకున్నట్టు లేదు. కన్ను మళ్లీ మూసుకున్నాడు.

"ఉన్నాను రా," అంది వెర్నా. తర్వాతి ఊపిరి కోసం చెయ్యి అక్కడే ఉంచింది.