చావుల్లేని దవాఖానా

"రిఫర్" అన్న మాట చెవిన పడగానే గంగయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని కాన్పుల వార్డు గుమ్మంలో కూలబడ్డాడు. ఆ అడవి పల్లెల్లో ఆ ఇంగ్లీషు ముక్కకు ఒకటే అర్థం: పాడె కట్టమని.

పోయిన వానల్లో కాన్పుకొచ్చిన ఆయన బిడ్డను ఇక్కడి నుంచే ఖమ్మం రిఫర్ చేశారు. కొత్తగూడెం దాటకముందే ప్రాణం పోయింది. ఆ చావు ఈ దవాఖానా లెక్కలోకి రాలేదు, ఆ దవాఖానా లెక్కలోకీ ఎక్కలేదు. దారిలో పోయింది గనుక రోడ్ల శాఖ చూసుకోవాలి కాబోలు. ఇప్పుడు కోడలు జోగమ్మ వంతు.

పేరులో తప్ప ఎక్కడా విశ్రాంతి ఎరగని ఆయా విశ్రాంతమ్మ, జోగమ్మ స్ట్రెచర్ తోస్తూ అంతా విన్నది.

"రక్తం ఉంది సార్. ఆపరేషన్ నేను చేస్తాను" అంటున్నది డాక్టర్ మహిమ.

"ఇయ్యాల వద్దమ్మా. పనితీరు కొలిచే టీం వచ్చింది. ఏడాదిగా మన దగ్గర తల్లి చావు లేదు. ఏమన్నా అయితే ర్యాంకు పోతది" అన్నాడు సూపరింటెండెంట్ జయప్రకాశ్.

విశ్రాంతమ్మ స్ట్రెచర్ ఆపింది. "పనితీరా సారూ, పని తీర్చుడా? మీరు ర్యాంకంటున్నరు గని, నాకు రంకు లెక్కనే వినబడ్తున్నది."

"నోర్ముయ్. కాంట్రాక్టు మనిషివి."

"ప్రాణం గూడ కాంట్రాక్టే గద సారూ, అందరికి."

ఆమె వరండాలోకి గొంతెత్తింది. "జోగమ్మను రిఫర్ జేసిన్రు."

టీం కంట పడొద్దని షెడ్డు వెనక్కి తోలిన జనమంతా కదిలి వచ్చారు. పసిపిల్లలతో బాలింతలు, సెలైను సీసా చేత పట్టుకుని రైతు చెంచురామయ్య.

"గొడవెందుకమ్మా? రేపు మనకి మందులు ఆపేస్తేనో?" అన్నాడాయన.

"ఇచ్చిందెప్పుడు, ఆపేదెప్పుడు? సూదులు లేవు గని సూచికలున్నయి. పొడిపించుకో పెదనాయనా."

నవ్వు, కోపం కలిసి, జోగమ్మను తీసుకుపోను తెచ్చిన అంబులెన్సు చక్రాల ముందు కూర్చున్నాయి.

టీం పెద్ద పద్మప్రియ బయటికొచ్చింది. "మేం కొలిచేది ఆసుపత్రి సామర్థ్యం. మధ్యలో మీరేంటి?"

గంగయ్య లేచాడు. "కొలువమ్మా, మంచిగ కొలువు. నా బిడ్డను యాడ కొలిచినవో చెప్పు."

ఆమె చేతిలోని కాగితాలు తిరగేసింది.

మహిమ ఎవరి ఆర్డరు కోసమూ ఆగలేదు. "థియేటర్‌కు తిప్పు విశ్రాంతమ్మా" అన్నది. స్ట్రెచర్ తిరిగింది.

బిడ్డ కంటే ముందు జయప్రకాశ్ పిలిచిన పోలీసులొచ్చారు. ఎస్సై లాఠీ ఆడిస్తుండగానే లోపల పసిగొంతు విప్పుకుంది. "తల్లి కూడా బాగుంది" అని మహిమ గుమ్మంలోంచే చెప్పింది. జయప్రకాశ్ వేలు మాత్రం విశ్రాంతమ్మనే చూపించింది.

చెయ్యి పట్టిన కానిస్టేబులును ఆమె అడిగింది: "నన్ను యాడికి రిఫర్ జేస్తున్నరు సారూ?"

గంగయ్య తలగుడ్డ చుట్టుకుని వ్యాను ఎక్కాడు. "నన్ను గూడ రిఫర్ జెయ్."

"నన్ను కూడా" అంటూ చెంచురామయ్య సెలైను సీసాతోనే ఎక్కాడు.

వ్యాను నిండింది. మిగిలినవాళ్ళు స్టేషను వైపు నడక మొదలుపెట్టారు.