ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి

మాడిన పెనం గీకుతున్న లొరెట్టాకి వెనకనుంచి మొగుడి గొంతు వినిపించింది. "వచ్చేటప్పుడు అమ్మ మందులు పట్టుకొచ్చెయ్ బంగారం. ఎవడు చూస్తాడు?"

బంగారమట! పంతొమ్మిదేళ్ల కాపురంలో క్లేటన్ నోట ఆ మాట ఇంతకుముందు ఒక్కసారే వచ్చింది. పోయిన శీతాకాలం, తన తమ్ముడి పెళ్లిలో ఒళ్లు తెలియకుండా తాగి, రెండు గ్లాసుల వైన్ తాగిన ఆమె చేతిలో తాళాలు పెట్టి, "ఏం కాదు బంగారం, నువ్వే పోనివ్వు" అన్నాడు. దారిలో పోలీసులు ఆపారు. లొరెట్టా లైసెన్సు పోయింది. బతిమాలుకుంటే దక్కింది పనికి వెళ్లడానికి మాత్రమే చెల్లే లైసెన్సు. ఇంటి నుంచి వృద్ధాశ్రమం లాండ్రీకి, అక్కణ్నుంచి ఇంటికి, కాగితంలో రాసిన గంటల్లోనే. మధ్యలో మందుల షాపు దగ్గర ఆగినా నేరమే. కారు బీమా ఒక్కరోజు ఆగినా కంపెనీవాళ్లు సర్కారుకి కబురు పెడతారు, ఆ కాస్త లైసెన్సూ ఊడుతుంది. దాంతోపాటే ఉద్యోగమూ. ఆయోవా మొక్కజొన్న చేల మధ్య పాతిక మైళ్లు, బస్సన్నది లేదు. ఇవన్నీ క్లేటన్‌కి తెలియనివా?

తెలిసీ ఎందుకు ఆగమంటున్నాడు? మొన్న అత్తగారు ఆర్డిస్ కూడా చర్చికి దింపమంది. కుదరదంటే, "అబ్బో, పరాయివాళ్ల దుప్పట్లు ఉతకడానికి కారు కదులుతుంది, ఇంట్లో ముసలిదానికి మాత్రం కదలదు!" అని మూతి తిప్పింది. చేతులు అవే, సబ్బూ అదే. ఆశ్రమంలో ఉతికితే పని, సర్కారు ముద్ర వేసిస్తుంది. ఇంట్లో ఉతికితే ఏ కాగితంలోనూ లేదు. సరే, అది పాత గొడవ. కొత్తది ఈ తియ్యదనం. లాండ్రీకి తనని సూపర్‌వైజర్ని చేస్తారన్న కబురు వచ్చినప్పుడు మొదలైంది. "బీమా సంగతి పట్టించుకోకు, నేను చూసుకుంటాగా" అన్నాడు నిన్న, అడక్కుండానే. అడక్కుండా ఒక్క ప్లేటు సింకులో పెట్టని మనిషి! ఛీ, కట్టుకున్నవాణ్ని ఇలా అనుమానించడమేమిటని దారంతా తనని తానే తిట్టుకుంది. మందుల షాపు దగ్గర మాత్రం ఆగకూడదనుకుంది.

మధ్యాహ్నం తిండి వేళ బీమా ఏజెంటు మార్వాకి ఫోన్ చేసింది.

"అదేంటమ్మా, నీకు తెలీదా?" అంది మార్వా. "సోమవారం మీ ఆయనొచ్చి పాలసీలో నీ పేరు తీసేయమని సంతకం పెట్టి వెళ్లాడుగా. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావన్నాడు. శుక్రవారంతో ఆఖరు."

ఇంతా చేసి పొద్దున పెనం పక్కన నిలబడి బంగారం అన్నాడా! మందుల షాపు దగ్గర పోలీసులకి దొరికితే సరేసరి, దొరక్కపోతే శుక్రవారం ఎలాగూ ఉంది. ఎటు తిరిగినా తను ఇంట్లో కూర్చోవాలి. లొరెట్టాకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"కారు మా నాన్న నాకిచ్చింది మార్వా, నా పేరుమీదే ఉంది. నాకు వేరే పాలసీ రాసివ్వు."

"రాద్దును గానీ, ఒకే ఇంట్లో ఉండే మొగుడూ పెళ్లాలకి మావాళ్లు విడివిడిగా రాయరు. ఇద్దరికీ ఒకటే. అందులో ముందున్న పేరు ఆయనది, ఏం మార్చాలన్నా ఆయన సంతకం కావాలి." మార్వా గొంతు తగ్గించింది. "ఇల్లు వేరైతే తప్ప. అలాగైతే ఇవాళే రాసేస్తా. లైసెన్సు కాగితంలో కూడా అడ్రసు మార్పించుకోవాలి మరి."

ఎదురుగా, లాండ్రీలో తనతోపాటు పనిచేసే ఇమోజీన్ దుప్పట్లు మడుస్తోంది. మొగుడు పోయిన మనిషి. తన ఇంట్లో మేడమీద గది ఖాళీగా ఉందని, వచ్చి ఉండమని రెండు నెలలుగా అంటూనే ఉంది. అన్నప్పుడల్లా లొరెట్టా, "నాకెందుకే, నిక్షేపంలాంటి సంసారం ఉంటే" అని నవ్వేసేది.

"చెప్పమ్మా, ఏ అడ్రసు రాసుకోను?" అంది మార్వా.

లొరెట్టా ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇమోజీన్, మీ ఇంటి నంబరెంత?"