నాలుగు ఆదివారాల సంతకం

మా స్కూల్లో హానర్ సొసైటీలో ఉండాలంటే మార్కులొక్కటే చాలవు. ఏడాదికి ఇరవై గంటలు సేవ చేయాలి. ఏ రోజు ఎంతసేపు చేశామో కాగితం మీద రాసి, ఎవరికి చేశామో వాళ్లచేత సంతకం పెట్టించాలి. చేయని గంటను చేసినట్టు రాస్తే పేరు తీసేస్తారు.

పదో తరగతి దాకా నేను కడప జిల్లాలో మా ఊరి బడిలో చదివాను. నాన్న షార్జాలో ఈ స్కూలు బస్సు నడుపుతాడు కాబట్టి ఇక్కడ సీటు దొరికింది. సొసైటీకి ఎంపికైనట్టు వచ్చిన ఉత్తరాన్ని ఆయన బస్సు అద్దం పక్కన అంటించుకున్నాడు.

ఆదివారాల్లో సొసైటీ పనులు చూసే అజ్రా మేడం మమ్మల్ని షార్జా శివారు సజ్జాలో కార్మికులుండే ఒక క్యాంపుకు తీసుకెళ్లేది. అక్కడి భోజనాల గదిలో ఒక్కొక్కరం ఒక్కో కార్మికుడికి అక్షరాలు నేర్పాలి. జగిత్యాల నుంచి వచ్చిన వెంకట్రాములును నాకు అప్పగించారు. ఇనుప చువ్వలు వంచే పని ఆయనది. పద్దెనిమిదేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నా ఏ కాగితం మీదైనా వేలిముద్రే. ఇంటికి పోయేలోగా తన పేరు తాను రాసుకోవాలని ఆయన కోరిక.

మొదట్లో ఆయన చేయి పట్టుకుని రాయించేదాన్ని. పెన్నును చువ్వలాగే బిగించి పట్టేవాడు. మొదటి అక్షరం బాగానే వచ్చేది. 'ట్రా' దగ్గర చేయి వణికేది. ఆ వణుకు నా వేళ్లకు కూడా అలవాటైపోయింది. గంట అయ్యాక నా కాగితం మీద ఆయనే పేరు రాసేవాడు.

ఫిబ్రవరిలో పరీక్షలని మేడం రాలేదు. వీలున్నవాళ్లను మాత్రం వెళ్లి రమ్మంది. నాన్న ముగ్గురు నలుగురిని తీసుకెళ్లేవాడు. నేను నాలుగు ఆదివారాలు ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. సరిగ్గా నాలుగు గంటలు తక్కువయ్యాయి. కాగితం ఇవ్వాల్సిన ముందు రోజు నాలుగు తేదీలు వేసి, పక్కన ఆయన పేరు నేనే రాశాను. 'ట్రా' దగ్గర కావాలని చేయి వణికించాను.

మేడం గంటలు లెక్కచూసి కాగితం తిరిగి ఇచ్చి, నాకు సొసైటీ బ్యాడ్జ్ పెట్టింది. నిజాయితీగా ఉంటానని అందరితో పాటు నేనూ ప్రమాణం చదివాను. నాన్న వెనక నిలబడి ఫోటో తీసుకున్నాడు.

తర్వాతి ఆదివారం క్యాంపులో వెంకట్రాములు నోట్‌బుక్ తెరిచి చూపించాడు. నేను రాని నాలుగు వారాలూ అదే బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని రాసుకున్నాడట. ప్రతి పేజీ పైన తేదీ ఉంది. చివరి పేజీలో వణుకన్నదే లేదు.

మొదట్లో ఎలా రాసేవాడో పక్కన పెట్టి చూసుకుంటానని నా కాగితం అడిగాడు. కాదనలేకపోయాను. వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చి ఆ నాలుగు తేదీల దగ్గర ఆగాడు.

"గీ నాలుగు వారాలు నువ్వు రాలే గద బిడ్డా" అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "నా చెయ్యి ఇంకా గింత వణుకుతదా?"

ఆయన మేడం కూర్చున్న వైపు ఒకసారి చూసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"నేనెవ్వలకు చెప్ప తియ్యి. పిల్లలన్నంక పరీచ్చలుంటయ్."

ఆయన తిట్టి ఉంటే ఆ కాగితం బ్యాగులో దాచేసుకునేదాన్నేమో. లేచి మేడం దగ్గరికి వెళ్లి, ఆ నాలుగూ నేను రాసినవేనని చెప్పాను. ఎందుకని అడిగింది. పరీక్షలని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె ఇంకేమీ అడక్కుండా చేయి చాపింది. బ్యాడ్జ్ తీసి ఇచ్చాను.

ఇంటికి వెళ్తూ బస్సులో నాన్నకు నేనే చెప్పాను. సిగ్నల్ దగ్గర ఆగాక అడిగాడు.

"ఆ పెద్దాయన చూసినాడా?"

చూశాడన్నాను. అద్దం పక్కనున్న ఉత్తరాన్ని పీకేస్తాడనుకున్నాను. పీకలేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

మరుసటి ఆదివారం మేడంను అడిగి, సొసైటీ పేరు లేకుండానే క్యాంపుకు వెళ్లాను. గంట అయ్యాక వెంకట్రాములు సంతకానికి కాగితం అడిగాడు. ఇక అక్కర్లేదన్నాను. ఆయన నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి నా ముందుకు జరిపాడు.

"అట్లయితే కిష్టవ్వ అని రాసి సూపియ్యి. మా ఇంటామె పేరు."

పెన్ను తీసుకున్నాను. మొదటి అక్షరం దగ్గరే నా చేయి వణికింది.