పెట్టెలో వేసేవాళ్ళు

జుట్టు కత్తిరించే చోట కష్టం కన్నా కుర్చీ ఎక్కువ సంపాదిస్తుంది. ఈ సంగతి కత్తెరక్కకు పనిలో చేరిన కొత్తల్లోనే అర్థమైంది. వచ్చినవాళ్ళు మురిసిపోయి, అద్దం ముందు కత్తెర ఆడించేవాళ్ళ చేతిలో టిప్పు పెట్టి వెళ్తారు. వెనక తలలు రుద్ది, తువ్వాళ్ళు ఉతికి, నేల మీది వెంట్రుకలు ఊడ్చేవాళ్ళకు ఇవ్వాలని ఎవరికీ తోచదు. తల రుద్దించుకునేటప్పుడు కళ్ళు మూసుకునే ఉంటారు కాబట్టి రుద్దిందెవరో కూడా వాళ్ళకు తెలియదు.

అందుకే తన చేతికి పేరొచ్చాక ఆమె గల్లా పక్కన ఒక రేకు పెట్టె పెట్టించింది. ఎవరి టిప్పు వాళ్ళు అందులో వేయాలి, వారం చివర అందరూ సమానంగా పంచుకోవాలి. ఆ రోజుల్లో పెట్టెలో పడేదాంట్లో సగానికి పైగా ఆమెదే. అలాంటి మనిషే పంచుదాం అంటే కాదనే మొహం ఎవరికుంటుంది? తెల్లజుట్టును నల్లగా మార్చడంలో చెయ్యి తిరిగిన రంగుల మాస్టారు ఒక్కడే గొణిగాడు. అందరికీ ఒకే కుండలో వండితే పొయ్యి రాజేసేవాడు దొరకడన్నాడు.

"వండేవాడు మీరే అయినా, అంట్లు తోమేది ఎవరు మాస్టారూ?" అంది కత్తెరక్క. ఆయన నవ్వేసి జేబులోంచి తన టిప్పు తీసి పెట్టెలో వేశాడు.

నిజానికి ఆ ఆలోచన వెనక చిట్టి ఉంది. చిట్టి ఆమెకు ఆడపడుచు, భర్త ఆఖరి చెల్లెలు. అమ్మానాన్నలు పోయాక అన్నగారింటికి చేరింది. చదువు అబ్బలేదు. వదినే వెంటబెట్టుకొచ్చి వెనక గదిలో పనికి కుదిర్చింది. షాంపూ నీళ్ళలో నాని నాని ఆ పిల్ల వేళ్ళు పగిలి, రాత్రి అన్నం కలపాలంటే మంట. ఆ వేళ్ళు చూసి కత్తెరక్క మనసు ఊరుకోలేదు. అలాగని తన టిప్పు తీసి తన ఇంటి మనిషికే ఇస్తే, అక్కడే తువ్వాళ్ళు ఉతికే, అందరూ తువ్వాళ్ళ పిన్ని అని పిలిచే ఆవిడ ఏమనుకుంటుంది? పెట్టె వచ్చాక ఆ చిక్కు తీరింది. చిట్టికీ వాటా వచ్చింది, పిన్నికీ వచ్చింది. మధ్యాహ్నం జనం పల్చబడ్డ వేళ బొమ్మ తల మీద చిట్టికి కత్తెర పట్టడం నేర్పింది కూడా వదినే.

ఒకసారి దుకాణం యజమానురాలు, ఈ పంపకాన్ని ఉద్యోగం షరతుల్లో చేర్చేస్తే రేపు ఎవరు వచ్చినా ఎవరు పోయినా గొడవ ఉండదు కదా అంది. కత్తెరక్క ఒప్పుకోలేదు. ఇష్టంగా వేసేదానికి రాతకోతలెందుకంది. ఆ మాటకు పిన్ని చేతులు జోడించి, నీ కడుపు చల్లగుండ తల్లీ అంది. ఆ దీవెన ఆమెకు చాలా రోజులు తియ్యగా ఉండిపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఈ ఏడు ఆమె కుడి బొటనవేలు మొద్దుబారింది. మణికట్టు నుంచి మోచేతి దాకా సూదులు గుచ్చినట్టుండేది. కత్తెర పక్కన పెడితే చెయ్యి మళ్ళీ మామూలవుతుందనీ, మొండికేసి పట్టుకుంటే ఇక ఎప్పటికీ రాదనీ డాక్టరు తేల్చి చెప్పాడు. ఆమె వెనక గదిలోకి మారి తువ్వాళ్ళు మడత పెట్టడం, ఫోనెత్తి ఎవరు ఎప్పుడు రావాలో చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ పక్కనున్న ఆమె కుర్చీ చిట్టికి వచ్చింది. వెనక గది జీతం ఇంటద్దెకే సరిపోదు. పెట్టెలో వాటా తోడైతే చెయ్యి నయమయ్యేదాకా ఎలాగో నెట్టుకురావచ్చు. కష్టం వచ్చినప్పుడు కాసుకోవడానికే కదా పెట్టె అనుకుంది.

అంతలో మరో దుకాణం మానేసి కొత్తావిడ వచ్చింది. మంచి పనిమంతురాలు. తను డబ్బు కట్టి నేర్చుకున్న పనికి వచ్చే టిప్పు ముక్కూ మొహం తెలియనివాళ్ళకు ఎందుకివ్వాలని నేరుగా అడిగింది. ఆ ప్రశ్నకు కత్తెరక్కకు కోపం రాలేదు. ఆవిడకు ఇక్కడ ఎవరూ ఏమీ చేసిపెట్టలేదు, అడగడం ఆవిడ హక్కు. యజమానురాలు మాత్రం తీర్పు తెలివిగా చెప్పింది. పెట్టెలో వేసేవాళ్ళే తేల్చుకోవాలి, తీసుకునేవాళ్ళకు అందులో మాట ఉండకూడదు అంది. అంటే కుర్చీలున్న ముగ్గురు. కొత్తావిడ, మాస్టారు, చిట్టి.

తేల్చుకునే రోజు పొద్దున చిట్టే వదినకు జడ వేసింది. చెయ్యి పాడైనప్పటినుంచీ రోజూ ఆ పిల్లే వేస్తోంది. ఏమంటావే అని కత్తెరక్క అడగలేదు. అడిగితే అనుమానించినట్టే. చిట్టి కూడా ఆ ఊసెత్తలేదు. జడ చివర రబ్బరుబ్యాండు వేస్తూ, బిగుతుగా ఉందా వదినా అని మాత్రం అడిగింది.

దుకాణం తెరవకముందే అందరూ అద్దాల ముందు చేరారు. కొత్తావిడ వద్దంది. తర్వాత మాస్టారు. ఆయన ఏమంటాడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అటు చూడలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకు సిద్ధాంతాలు లేవమ్మా, శుక్లాలున్నాయి. రేపు నలుపేదో గోధుమరంగేదో తెలియనప్పుడు నన్నూ వెనక గదిలోకే తోస్తారు. పెట్టె ఉండనీండి."

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ కత్తెరక్క నవ్వింది. గండం గట్టెక్కిందనుకుంది. మిగిలింది చిట్టే.

చిట్టి దువ్వెన పళ్ళలో ఇరుక్కున్న వెంట్రుకలు లాగుతూ తల దించుకునే చెప్పింది. "ఎవరిది వాళ్ళకే ఉండనీండి."

కత్తెరక్క మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎలా తీసేయాలో ఆమెకు తెలియలేదు. తువ్వాళ్ళ పిన్ని చీపురు తీసుకుని, ఇంకా ఒక్క వెంట్రుకా పడని నేలను ఊడవడం మొదలుపెట్టింది.

కత్తెరక్క వెనక గదిలోకి వెళ్ళిపోతే, వెతుక్కుంటూ చిట్టే వచ్చింది. వదిన తువ్వాళ్ళు మడత పెడుతూనే ఉంది.

"నాకంటూ ఒక గది తీసుకుందామనుకుంటున్నాను వదినా. ఎన్నాళ్ళని మీ వరండాలో పడుకోను?"

"అడిగితే నేను వద్దంటానా? అన్నం పెట్టిన ఇంట్లో నోరు విప్పి చెప్పొచ్చుగా."

"అదిగో, అన్నం." చిట్టి గొంతు పెరగలేదు. "నువ్వు పంచితే అందరూ నిన్ను దేవత అన్నారు. నేను పంచితే ఏమంటారు? వదిన రుణం తీర్చుకుంటోంది అంటారు. పెట్టెలోంచి తీసి ఇచ్చిన ప్రతిసారీ నువ్వు నా మొహం చూసేదానివి, నేను సంతోషపడ్డానా లేదా అని. ఒక్క వారమైనా నేను మామూలుగా తీసుకోలేకపోయాను."

కత్తెరక్క చేతిలో తువ్వాలు ఆగింది. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది లోపలికంటా దిగింది.

"మరి తీసుకున్నన్నాళ్ళూ చెప్పలేదేం?"

"తీసుకునేవాళ్ళకి నోరెక్కడుంటుంది వదినా? ఇవాళ నీకుందా?"

రాతకోతలెందుకన్న తన మాట ఆమెకు గుర్తొచ్చింది. రాసి ఉంటే ఇవాళ చిట్టిని ఎవరూ అడిగేవారు కాదు, చిట్టికి కాదనే అవకాశమూ ఉండేది కాదు. అది షరతు అయితే తనకు దీవెన దక్కదనే కదా వద్దంది. కానీ తన తప్పు తనకు తెలిసినంత మాత్రాన ఈ పిల్ల చేసింది ఒప్పు అవుతుందా? తన గొప్ప కోసమే ఇచ్చిందనుకున్నా, పగిలిన వేళ్ళకు మందు ఆ డబ్బుతోనే వచ్చింది. పిన్ని ఏం పాపం చేసింది? ఆమె ఎవరికి ఇచ్చి, ఎవరి మొహం చూసిందని?

చిట్టి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నిన్ను గాలికొదిలేస్తానా? పెట్టె లేకపోతేనేం, నెలనెలా నీకు నేనిస్తాను. అన్నయ్యకు కూడా తెలియక్కర్లేదు."

ఇచ్చేటప్పుడు ఎంత తేలిగ్గా ఉంటుందో ఆ గొంతులోనే తెలుస్తోంది. ఆ పిల్ల మనస్ఫూర్తిగానే అంటోంది. ఇక తను నెలనెలా ఎదురుచూడాలి, తీసుకోవాలి, ఆనక నవ్వాలి. అడక్కుండా దక్కే వాటాను కాలదన్ని, అదే డబ్బును అరచేతిలో పెడతానంటోంది.

"పిన్నికి కూడా ఇస్తావా?"

చిట్టి ఒక తువ్వాలు తీసుకుని మడత పెట్టసాగింది.

"అయితే నాకూ వద్దు," అంది కత్తెరక్క. మడత పెట్టిన తువ్వాళ్ళు అరలో సర్ది, యజమానురాలి దగ్గరికి వెళ్ళి తనకు మళ్ళీ కుర్చీ కావాలని అడిగింది. డాక్టరు ఏమన్నాడో యజమానురాలికీ తెలుసు. ఒక్క క్షణం ఆమె చేతి వంక చూసి, తలుపు పక్కది ఒక్కటే ఖాళీగా ఉందంది.

తలుపు తెరిచినప్పుడల్లా చలిగాలి కొట్టే కుర్చీ అది. కాసేపటికి, ఒకప్పుడు తన దగ్గరే కత్తిరించుకున్న పాత మనిషి ఒకావిడ వచ్చి ఆమెను చూసి సంబరపడింది. చెయ్యి బాగైందా అంటే బాగైందని చెప్పి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, జుట్టు తడిపి మొదలుపెట్టింది. ఎడమ వైపు ఎప్పటిలాగే నున్నగా దిగింది. కుడి వైపుకు వచ్చేసరికి బొటనవేలు ఉందో లేదో తెలియడం మానేసింది. కత్తెర జారి ఒక పాయ పైకి తెగింది.

కిటికీ పక్క కుర్చీ దగ్గర చిట్టి అది చూసింది. తన దువ్వెన కింద పెట్టి, పిలిస్తే వచ్చేలా నిలబడింది.

కత్తెరక్క పిలవలేదు. "కుడి వైపు కాస్త పైకొచ్చిందండీ, కదలకుండా కూర్చోండి, ఎడమ వైపు కూడా దానికి సరిపెడతాను," అంది. మొద్దుబారిన వేలిని ఎడమచేత్తో పట్టి కత్తెర రింగులో దూర్చి, మళ్ళీ మొదటినుంచి కత్తిరించడం మొదలుపెట్టింది.