మెడ లోతు గీత

నది చోటు నదికి వదిలెయ్యండి మహాప్రభో అని ఇరవై రెండేళ్ళుగా మా ఆఫీసులో చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాను. ఒడ్డు పొడుగునా కొంత నేల విడిచిపెట్టాలి, అందులో చెట్లు పెంచాలి, చెట్ల పక్కన జనం నడవడానికి బాట వెయ్యాలి. ఇంతే నేనడిగింది. ఇన్నాళ్ళూ నవ్విన పెద్దలు ఈ ఏడాది ఉన్నట్టుండి సరేనన్నారు. సర్వేయరుని కాబట్టి కొలతల పనంతా నా నెత్తినే పడింది. కోరి తెచ్చుకున్న బరువు, ఇంకెవరి మీద అరవను?

నియమం ఒకటే. యాభై రెండేళ్ళ కిందటి పెద్ద వరదలో మీటరు లోతు దాటి మునిగిన నేలంతా నదిదే. అక్కడ ఇల్లు ఉండకూడదు, కొట్టు ఉండకూడదు. అంతకన్నా తక్కువ మునిగిన ఇళ్ళ జోలికి పోము, బాట వాటి వెనకనుంచి వెళ్తుంది. ఆనాటి రికార్డులు చూద్దామంటే రికార్డుల గదే ఆ వరదలో నానిపోయింది. ఇక మిగిలిన సాక్ష్యం గోడల మీద జనం గీసుకున్న వరద గీతలు. నేనూ, నాతో పాతికేళ్ళుగా టేపు పట్టుకుని తిరుగుతున్న టేపు బాబాయీ, ఇల్లిల్లూ తిరిగి ఆ గీతలు కొలిచాం.

నది వంపు తిరిగేచోట ఒకే ఒక్క ఇల్లుంది, సైకిళ్ళ మేస్త్రీది. ముందుగది షాపు. వెనక రెండు గదుల్లో మేస్త్రీ, అతని భార్య, తల్లి ఉంటారు. షాపు గోడల నిండా టైర్లు, ట్యూబులు, చైన్లు వేలాడుతున్నాయి. ఒక్క గోడ మాత్రం ఖాళీ. దాని మీద నీలం రంగు గీత.

"నా మెడ దాకా వచ్చాయమ్మా నీళ్ళు," అంది మేస్త్రీ తల్లి. ఎనభైకి దగ్గరపడిన మనిషి. "వీడి నాన్న ఊళ్ళో లేరు. రెండేళ్ళ ఆడపిల్లని నెత్తి మీద ఎత్తుకుని నిలబడ్డాను. వరద చేతుల్లోంచి లాగేసుకుపోయింది. ఆయన తిరిగొచ్చి ఎంత లోతని అడిగితే ఇదిగో ఇంత అని చూపించాను. నా చెయ్యి ఉన్నచోటే గీత గీశారు."

టేపు బాబాయి ముక్కు తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు నిండిపోయాయి. మీటరూ ముప్పై నాలుగు సెంటీమీటర్లు అని రాసుకుని బయటపడ్డాను. కింద నదికేసి తిరిగి చూసిన పాపాన పోలేదు. కళ్ళు తుడుచుకుంటూ అంకె రాసుకునే సర్వేయరు ఎక్కడైనా ఉంటుందా? ఉంది, నేనే.

నెల తిరక్కుండా మేస్త్రీకి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వెళ్ళింది. అది వెళ్ళాక నేను తీరిగ్గా లెక్కలు సరిచూడ్డానికి కూర్చున్నాను. ఎగువన వంతెన స్తంభం మీద ఒక గీత, దిగువన పంపుహౌసు గోడ మీద ఒక గీత. రెండూ అప్పటి ఇంజనీర్లు గీయించినవి. వాటిని కలుపుకుంటూ వస్తే మేస్త్రీ ఇంట్లో నీళ్ళు నలభై అయిదు సెంటీమీటర్లకు మించవు. మూడుసార్లు లెక్కేశాను. మూడుసార్లూ అంతే. అంటే ఆ ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు.

వెంటనే పై అధికారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీ లెక్క ఒకటి చెప్తుంది, కళ్ళారా చూసిన మనిషి ఇంకొకటి చెప్తుంది. నేను దేన్ని కొట్టెయ్యను? ఆ ఇంటివాళ్ళే గురువారం విచారణకి వచ్చి గీత తప్పని చెప్పమనండి," అన్నారు.

సరే, ఇది చిటికెలో పని అనుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. అతను చక్రం తిప్పుతూ వంకర తీస్తున్నాడు.

"గురువారం విచారణకి వచ్చి గీత తప్పని ఒక్క ముక్క చెప్పండి మేస్త్రీ. ఇల్లు దక్కుతుంది."

"వద్దమ్మా."

"వద్దంటే? ఇల్లు పోతుందండీ!"

"పోతే పోనివ్వండి. ఇంకోచోట గది అద్దెకి తీసుకుంటాం. ఆ గీత జోలికి మాత్రం రాకండి."

లోపల్నుంచి అతని భార్య వచ్చింది. "మీరైనా గట్టిగా చెప్పండి మేడం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి దేనికీ పంతం పట్టలేదు. ఇప్పుడు చూడండి, రాయిలా కూర్చున్నాడు."

నా ఒళ్ళు మండింది. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. "నది మధ్యలో మెట్టెక్కి, మళ్ళీ దిగుతుందా మేస్త్రీ? పైనా తక్కువే, కిందా తక్కువే, మీ ఒక్క ఇంట్లోనే మెడ లోతు ఎలా వస్తుంది? మీ అమ్మగారికి మోకాలి దాకా వచ్చుంటాయి, అంతే!"

అన్నాక చూశాను. మేస్త్రీ తల్లి గుమ్మంలోనే ఉంది. నాలిక కరుచుకున్నాను కానీ ఏం లాభం? ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రీ నాకేసి చూసిన చూపుకి నేనక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోయాను. నాతో వచ్చిన టేపు బాబాయి దారంతా నాకు పదడుగులు ముందే నడిచాడు.

గురువారం పొద్దున్న విచారణ మా ఆఫీసు మేడ మీద. పది గంటలకి మెట్ల మీద కర్ర చప్పుడైంది. మేస్త్రీ తల్లి ఒక్కతే వచ్చింది, ఆయాసపడుతూ. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు. అధికారి ఎదురుగా నిలబడింది.

"గీత తప్పు బాబూ," అంది. "నీళ్ళు నా మోకాలి దాకే వచ్చాయి."

అధికారి కలం ఆపారు. "మరి పాప..."

"మోకాలి లోతులోనే పోయింది. మంచం మీద కూర్చోబెట్టి, పనిముట్ల పెట్టె అటక మీద పెట్టడానికి లోపలికెళ్ళాను. అవి లేకపోతే మాకు తిండి లేదు. వచ్చేసరికి మంచం మీద పిల్ల లేదు. మోకాలి లోతులో బిడ్డని పోగొట్టుకున్నానని చెప్పుకోలేక మెడ దాకా అన్నాను. ఇంక చాలు. ఆ అబద్ధం కోసం వీళ్ళ నీడ పోగొట్టను."

అప్పుడు చూశాం, తలుపు దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు. చేతులకి గ్రీజు. షాపు తెరిచింది తెరిచినట్టే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అంతా చెప్పవేం?" అన్నాడు.

ఆవిడ గిర్రున తిరిగింది. "నువ్వెందుకొచ్చావురా? పో, షాపుకి పో!"

"నేనూ మంచం మీదే ఉన్నాను సార్," అన్నాడు మేస్త్రీ అధికారితో. "నాకు ఏడేళ్ళు. చెల్లి చెయ్యి వదలొద్దురా అని చెప్పి అమ్మ లోపలికెళ్ళింది. నీళ్ళలో మా బంతి తేలుతూ కనిపించింది. దాన్ని అందుకుందామని వదిలాను. ఒక్క క్షణం. నాన్న వచ్చి, పిల్లని ఎవరు చూస్తున్నారు అని అడిగారు. అమ్మ నన్ను వెనక్కి నెట్టి, మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇంత లోతు నీళ్ళు అంది. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు."

ఆవిడ కర్ర కింద పడేసి, కొడుకు రెండు చేతులూ పట్టుకుంది. అరవై దగ్గరపడిన మనిషి, తలవంచుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"నీకు గుర్తులేదనుకున్నానురా," అంది. "దేవుడి మీద ఒట్టు, గుర్తులేదనుకున్నాను."

"సున్నం వేసినప్పుడల్లా ఆ గీత మళ్ళీ దిద్దింది నేనే కదమ్మా. చెరిగిపోతే నిన్నెవరైనా అడుగుతారని భయం."

"నన్నడిగితే అడగనీరా. నిన్ను అడక్కూడదు, అంతే. ఏడేళ్ళురా నీకు. ఏడేళ్ళ పిల్లాడికి అప్పగించి వెళ్ళింది నేను."

అధికారి నన్ను పిలిచారు. "మోకాలి లోతు అని రాసుకోండి. పాప సంగతి, ఈయన సంగతి ఏదీ రాయక్కర్లేదు."

నేను కొత్త అంకె వేసి కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడకి సంతకం రాదు. ఆడవాళ్ళు కుడిచేతి వేలిముద్రే వెయ్యాలి, అందుకు కొడుకు చెయ్యి వదిలిపెట్టాలి. ఆవిడ వదల్లేదు. కుడిచేత్తో అలాగే పట్టుకుని ఎడమచేత్తో వేసింది, అధికారి అలాగే తీసుకున్నారు.